ఆమె అనని మాట

ఈ మధ్య ఏదో పనిమీద మా పాత ఆఫీసుకు వెళ్లాను. నేను కూర్చున్న సీట్లో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి లేచి నిలబడి, "సార్, మీ డ్రాఫ్టులు చూసి నేర్చుకోమని అందరు చెప్తరు" అంది. ఆమె తెప్పించిన చాయ్ సగం వదిలేసి బయటికి వచ్చేశాను. ఆ డ్రాఫ్టుల్లో ఒకటి ఏం పని చేసిందో ఆ అమ్మాయికి తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను. ఆమెకూ, ఆమెలాగా ఇలాంటి సీట్లలోకి కొత్తగా వస్తున్నవాళ్లకూ.

దీన్ని ఉపదేశం అనుకోకండి. ఉద్యోగంలో నేను బాగా చేసిన పనుల గురించి చెప్పమంటే అరగంటలో అయిపోతుంది, అందులో పావుగంట కోతలే ఉంటాయి. చెడగొట్టిన పని ఒకటి మాత్రం రిటైరయినా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇది రాస్తూ కూడా ఇప్పటికి రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి వచ్చాను.

నా ఉద్యోగం, ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒకరి మాటలు ఇంకొకరికి పనికొచ్చేలా రాయడం. కరీంనగర్ దిక్కు ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుని. భార్యాభర్తల తగాదాలు కోర్టుదాకా పోకముందే కూర్చోబెట్టి మాట్లాడించే ఆఫీసు అది. ఆడవాళ్లు వస్తారు, కష్టం చెప్పుకుంటారు. నేను దాన్ని వాంగ్మూలంగా టైపు చేస్తాను, వాళ్లు సంతకం పెడతారు. ఒక నకలు అవతలి పక్షానికి పోతుంది. తర్వాత మేడం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. మేడం అంటే మా కౌన్సెలర్, నాకంటే పన్నెండేళ్లు చిన్నది, నాకంటే చాలా ఓపిక గల మనిషి.

రాయడం నేను నేర్చుకున్నది మాత్రం అక్కడ కాదు, అడవిలో. నా మొదటి పోస్టింగు జైనూర్. అప్పుడు వేరే శాఖ. అర్జీ పెట్టడానికి వచ్చిన మనిషి సగం మాట గోండిలో, పావు మాట మరాఠీలో, మిగిలింది తెలుగులో చెప్పేవాడు. మా సూపరింటెండెంటు పాతకాలం మనిషి. మొదటి రోజే నాకు చెప్పాడు. "జనం మాట కాయిదం మీదికి ఎక్కాలంటే ముందుగాల దానికి తానం చేపియ్యాలె. మట్టికాళ్లతోని పైకి పంపితే పై ఆఫీసరు మనల్ని తిడతడు." నేను ఆ పాఠం ఎంత బుద్ధిగా నేర్చుకున్నానంటే, దానికి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమపక్క జనం అనే మాట, కుడిపక్క మనం రాసే మాట. బదిలీ అయినప్పుడు బట్టల పెట్టెకంటే ముందు ఆ నోటుబుక్కు సర్దుకున్నాను.

కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చాక అందులో పేజీలు పెరిగాయి. "తాగొస్తడు" అంటే మద్యపానాసక్తుడు. "ఊకె సతాయిస్తరు" అంటే మానసిక వేధింపులకు గురిచేయుచున్నారు. "మొగడు దగ్గరికి రాడు" అంటే దాంపత్య విముఖత. ఒక పేజీలో మాత్రం ఎడమపక్క చాలా మాటలున్నాయి. ఆశైతది, మనసైతది, పానం గుంజుతది, కావాలనిపిస్తది. కుడిపక్క అన్నింటికీ కలిపి ఒకటే మాట రాసుకున్నాను. కామవాంఛ. అన్ని మాటలను ఒకే గదిలో కుక్కినందుకు అప్పట్లో నాకు గర్వంగానే ఉండేది, పని తేలికైందని.

ఇప్పుడు ఆ మనిషి గురించి చెప్పాలి. ఇరవై ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. ధర్మపురి దగ్గర ఒక పల్లె. భర్త దుబాయ్‌లో కట్టడాల పనిలో ఉన్నాడు. పెళ్లయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో అతను ఇంటి దగ్గర ఉన్నది మూడు సెలవులు. మూడేళ్ల పాప ఉంది. బతుకమ్మ పండుగకు తల్లిగారింటికి వచ్చిన ఆమెను తీసుకుపోవడానికి దీపావళి దాటినా అత్తగారి తరఫున ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తడం లేదు. అందుకని మా దగ్గరికి వచ్చింది.

కారణం ఆమే చెప్పింది. ఒక సాయంత్రం అత్తగారింటి పెరట్లో నిలబడి భర్తకు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపుతోంది. వచ్చెయ్యి, ఇంక చాలు, నువ్వు లేకుండా నాతోని కాదు అని. వెనక అత్త నిలబడి ఉన్న సంగతి చూసుకోలేదు. "మొగడు మొగడు అని గింతగనం పలవరిచ్చే ఆడిది, మొగడు రాకపోతే ఊకుంటదా?" అని అత్త పెద్దకొడుకుతో అంది. పెద్దకొడుకు ఆ మాటకు ఇంకో రెండు కలిపి దుబాయ్‌కి చేరవేశాడు. భర్త ఫోన్లు ఆగిపోయాయి. ఎవరితోనో తిరిగిందని కూడా కాదు. తిరుగుతుందేమోనని.

"ఏం కావాలమ్మా నీకు?" అని అడిగాను. అది మా మొదటి ప్రశ్న. కొందరు విడాకులంటారు, కొందరు వేరు కాపురమంటారు.

"మా ఆయన కావాలె సార్."

"అంటే, కాపురానికి తీసుకపోవాలని రాయాల్నా?"

"కాపురమంటే అత్తగారింట్ల అంట్లు తోముడు, నాట్లకు పోవుడు గద సార్. గది ఆయన లేకున్నా ఆరేండ్లు చేసిన. నాకు ఆయన కావాలె. యాదికొస్తే పానం గుంజుతది. దినాం ఫోన్ల మొకం చూసుడు కాదు, పక్కన ఉండాలె. నా మీద చెయ్యేసి పండుకోవాలనిపిస్తది." సూటిగా నా వైపు చూసింది. "పెండ్లాన్ని గద సార్. నా మొగడు నాకు కావాలనిపిచ్చుడు తప్పా?"

తల వంచుకోలేదు. గొంతు తగ్గించలేదు. తల వంచుకున్నది నేను. కంప్యూటరు తెర మీదే చూపు పెట్టి టకటకా కొట్టేశాను. "తనకు కామవాంఛ మిక్కిలిగా ఉన్నదనియు, భర్త దూరదేశమున ఉన్నందున సదరు వాంఛను అణచుకొనలేకపోవుచున్నాననియు తెలిపినది." అణచుకోలేకపోతున్నానని ఆమె అనలేదు. వాక్యం నడవడానికి నేను వేశాను. ఉప్పు తక్కువైందని చిటికెడు వేసినట్టు వేశాను, రుచి చూసుకోలేదు.

కింద మా ఆఫీసు రబ్బరుముద్ర ఉంటుంది. "చదివి వినిపించగా విని, సరియైనదని ఒప్పుకొని సంతకము చేసినది." రూలు ప్రకారం పదం పదం చదివి వినిపించాలి. ఆమె ఏడో తరగతి చదివింది, కూడబలుక్కుని చదవగలదు. కాగితం చేతిలోకి తీసుకుని, "చదువుమంటరా సార్?" అని అడిగింది.

"అంతా నువ్వు చెప్పిందేనమ్మా. సంతకం పెట్టు."

"మీరు రాసినంక ఇంక నేను చదువుడేంది" అని నవ్వి సంతకం పెట్టింది.

నిజం చెబుతున్నాను. ఆ మాట రాయడానికి నా వేళ్లు సిగ్గుపడలేదు, ఆమె ముందు పైకి చదవడానికి నా నోరు సిగ్గుపడింది. కూతురి వయసు పిల్ల ముందు ఆ మాట ఎలా అంటాం అనుకున్నాను. అనలేని మాటను ఆమె పేరు మీద ఎందుకు రాశావురా అని అడిగేవాడు ఆ గదిలో లేడు. ఉండాల్సినవాణ్ని నేనే.

చాయ్ తెచ్చిన మా అటెండరు అక్క మాత్రం అక్కడే ఉంది. గోదావరిఖనిలో బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన మనిషి, భర్త కూడా బాయిలోనే పనిచేసి పోయాడు. ఆ పిల్ల వెళ్లిపోయాక గ్లాసులు తీస్తూ, "మంచిగ చెప్పింది సార్ పోరి" అంది. "మా ఆయన రాత్రి షిఫ్టుకు పోతే నాకు గట్లనే అనిపిచ్చేది. ఎవలికి చెప్పుకుంటం?" నేను విననట్టు ప్రింటరులో కాగితం సర్దుకున్నాను.

నకలు అత్తగారింటికి పోయింది. ఇరవై రోజుల తర్వాత ఇరుపక్షాలు వచ్చాయి. ఇటు ఆమె, ఆమె బాపు. అటు అత్త, ఆమె పెద్దకొడుకైన బావ. భర్త ఫోన్ స్పీకరులో ఉన్నాడు. మేడం మంచిచెడ్డలు అడగబోతుంటే బావ చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"మేమేం చెప్పేది లేదు మేడం. ఆమెనే చెప్పుకున్నది. గవర్నమెంటు కాయిదం. నేను చదువుతా, మీరు వినుండ్రి."

చదివాడు. నా వాక్యం. ఒక్కొక్క మాటా ఒత్తి చదివాడు. కామవాంఛ దగ్గర ఆగి, అందరి మొహాలూ చూసి, అణచుకొనలేక అన్నదాకా చదివాడు. నేను రాసిన వాక్యం ఇంకో మనిషి నోట వినడం ఇన్నేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. బాపు భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, లేచి బయటికి పోయాడు. కూతురు ఆయన వెళ్లిన దిక్కే చూస్తూ నిలబడింది.

"గా మాట నాది కాదు" అంది. "మా ఊర్ల ఆడోళ్లెవలు గా మాట అనరు. నాకు అనుడు గూడ రాదు."

"సంతకం నీదేనా?" ఫోన్‌లోంచి భర్త.

"నాదే."

"మా అన్న గీ కాయిదం ఫోటో వాట్సాప్‌ల పెట్టిండు. నేను డ్యూటీల ఉంటే రూముల నా ఫోన్ల ఎవలో చూసిండ్రు. పదిమంది ఉంటం గీ రూముల. అందరు చదివిండ్రు. ఇగ నువ్వేం చెప్తవు?" ఫోన్ కట్టయింది.

మేడం నా వైపు తిరిగింది. "మీరు చదివి వినిపించారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి ముందే రబ్బరుముద్ర మీదికి పోయింది. "వినిపించిన మేడం" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. కోపంగా కాదు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. నాతో వాదించలేదు. సార్లు అబద్ధం చెప్పరని ఆమెకు ఇంకా నమ్మకం ఉన్నట్టుంది, తప్పు తన జ్ఞాపకానిదేమోనని ఆలోచిస్తున్నట్టుంది. అది నేను ఇప్పటికీ మరిచిపోలేను. మేడం పదిహేను రోజులకు వాయిదా వేసింది.

ఆ పదిహేను రోజులు నేను ఎక్కడా నిలవలేదు. సీట్లో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉండేది. లేచి చాయ్ తాగడానికి పోయేవాణ్ని, చాయ్ వచ్చేలోపు ఏదో ఫైలు గుర్తుకొచ్చినట్టు తిరిగొచ్చేవాణ్ని. అటెండరు అక్క రెండురోజులు చూసింది. మూడోరోజు గ్లాసు నా టేబుల్ మీద టక్కున పెట్టి, "సార్, గా పిల్ల గట్ల అనలే గద" అంది.

"నీకెందుకక్కా?"

"నేనక్కడనే ఉన్న. నా చెవులు మంచిగనే ఉన్నయ్." ఆమె పోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. చాయ్ మాత్రం వేళకు తెచ్చేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఇంట్లో ఉన్న పాత నిఘంటువు తీశాను, నా తప్పును ఏ అర్థమైనా కాస్తుందేమోనని. కామము అంటే కోరిక. అంతే. ఎంత శుభ్రమైన అర్థం! మనిషి సాధించాల్సిన నాలుగింటిలో అదొకటి అని పురాణం చెప్పేవాళ్లు చెబుతారు. జయించాల్సిన ఆరు శత్రువుల్లో మొదటిది అని కూడా వాళ్లే చెబుతారు. అయితే ధర్మపురి దగ్గరి పల్లెకు ఆ మాట నిఘంటువులోంచి రాలేదు, పేపర్లోంచి వచ్చింది. పేపర్లో ఆ మాట కనబడిందంటే దాని వెంట పోలీసులు ఉంటారు, ఏడ్చే ఆడది ఉంటుంది. బావకు ఆ సంగతి తెలుసు. రూములోని పదిమందికీ తెలుసు. నాకూ తెలుసు, కాకపోతే కుడిపక్క రాసుకున్నప్పుడు తెలియనట్టు రాసుకున్నాను.

ఒకరోజు పొద్దున నా భార్య వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "మొగడు కావాలనిపిస్తే ఆడోళ్లు ఏమంటరు?"

ఆమె చేతిలో కాయ అట్లాగే ఆగింది. "గిదేం ముచ్చట పొద్దుపొద్దున?"

"ఆఫీసు పని. చెప్పు."

కాసేపు కాయలు తీసింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "నువ్వు జైనూర్‌ల ఉన్నప్పుడు నేను మా అత్త దగ్గర నాలుగేండ్లున్న. ఉత్తరం రాస్తుంటివి, అవ్వ బాగున్నదా, బర్రె ఈనిందా అని. నన్ను ఎన్నడన్న అడిగినవా ఏమనిపిస్తుందో? అడిగితే ఏమంటరో అప్పుడు తెలిసేది నీకు." గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నేను వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. అరవైకి దగ్గరపడ్డ మనిషికి పెళ్లాం ముందు చెవులు ఎర్రబడటం ఏమిటని మీరు నవ్వచ్చు. నవ్వండి.

ఆ రోజే నాకు తట్టింది. ఆ పిల్ల చెప్పిన ప్రతి మాటలోనూ ఒక మనిషి ఉన్నాడు. ఆయన యాదికొస్తే, ఆయన పక్కన, ఆయన చెయ్యి. నేను రాసిన మాటలో మనిషి లేడు. మనిషి లేని కోరిక ఎవరి మీదికైనా పోవచ్చు, బావ చదివింది అదే, భర్త విన్నది అదే. ఆమె ఒకే ఒక్కణ్ని కోరుకుంది. నేను ఆ ఒక్కణ్నీ కొట్టేసి కోరికను మాత్రం ఉంచాను.

పదకొండో రోజు, మేడం వచ్చి కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాను. ఆమె అరవలేదు. "ఇది చెప్పడానికి మీకు ఇన్ని రోజులు పట్టిందా?" అని, రాతపూర్వకంగా ఇమ్మంది. వెంటనే టైపు చేసి ఇచ్చాను. "సదరు వాంగ్మూలము పని ఒత్తిడి కారణముగా చదివి వినిపించబడలేదు." మేడం చదివి కాగితం నా చేతికే తిరిగిచ్చింది.

"ఇందులో మీరెక్కడున్నారు?"

నిలబడే, ఆమె టేబుల్ మీదే, పెన్నుతో రాశాను. నేను చదివి వినిపించలేదు. వినిపించానని అబద్ధం చెప్పాను. ఆమె అనని మాట నేను రాశాను. మూడు చిన్న వాక్యాలు. ఉద్యోగంలో అంత కష్టపడి ఏదీ రాయలేదు. మెమో వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా పడింది. పడాల్సిందే.

వాయిదా రోజు వచ్చింది. ఈసారి బాపు రాలేదు, ఆమె ఒక్కతే వచ్చింది. అటుపక్క అత్తా, బావా ఉన్నారు. మేడం మొదట ఆమెతో కొత్తగా చెప్పించింది, ఆమె ఎట్లా అంటే నేను అట్లా రాశాను. మొదటిసారి చెప్పినంత ధారగా చెప్పలేదు. ఒక్కో మాటకు ముందు నా పెన్ను వైపు చూసింది. చెయ్యేసి పండుకోవాలని అన్న మాట ఈసారి రాలేదు. నేను అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఈసారి కాగితం తనే కూడబలుక్కుని చదువుకుని సంతకం పెట్టింది.

తర్వాత భర్తకు ఫోన్ కలిపారు. నేను లేచి నిలబడి చదివాను. "నాకు మా ఆయన కావాలె. ఆయన యాదికొస్తే పానం గుంజుతది. ఆయన నా పక్కన ఉండాలె." నా నోటివెంట ఆ మాటలు వస్తుంటే ఆకాశం ఊడిపడలేదు. అటెండరు అక్క తలుపు దగ్గర నిలబడి విన్నది. మొదటి కాగితంలో మాటలు నావి, ఆమెవి కావు అని కూడా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు, పట్టుకున్నాను.

ఫోన్‌లో అతని వెనక ఎక్కడో ఇనుము మీద ఇనుము కొడుతున్న మోత వినిపించింది.

"సార్," అన్నాడతను చివరికి, "ఇప్పుడు రెండు కాయిదాలైనయి. రెండింటి మీద ఆమె సంతకమే ఉన్నది, రెండింటి మీద మీ ముద్దరే ఉన్నది. నేను ఏది నమ్మాలె? రెండోది నేను నమ్మినా, రూముల ఉన్నోళ్లు నమ్ముతరా?"

మేడం నోరు తెరవబోతే ఆ పిల్ల ముందుకు వచ్చి ఫోన్ దగ్గరగా వంగింది.

"కాయిదాలు పక్కకువెట్టు. నేను నిన్ను కావాలన్న. నిన్నే. ఎవలో ఒకలు కావాలని అనలే. నువ్వు తెల్వదా నాకు, నేను తెల్వదా నీకు? గా రూమోళ్లతోనా నువ్వు కాపురం చేసేది?"

అత్త ఏదో అనబోయింది. "ఆగవ్వా" అన్నాడు ఫోన్‌లోంచి. తర్వాత, "వచ్చే సెలవుల వస్త. నేనే వచ్చి తోలుకపోత" అని పెట్టేశాడు.

వచ్చాడు కూడా. చైత్రమాసంలో ఇద్దరూ పాపను ఎత్తుకుని ఆఫీసుకు వచ్చి రాజీ కాగితం మీద సంతకాలు పెట్టారు. నేను ప్రతి అక్షరం చదివి వినిపించాను, విసుగొచ్చేంత నిదానంగా. అతను సన్నగా, ఎండకు కమిలిన మనిషి, మర్యాదస్తుడు. ఆఫీసులో లడ్డూలు పంచారు. అటెండరు అక్క నాతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఫైలు మీద "కాపురం నిలబడినది" అని రాసి మూసేశాం. నేను రిటైరయ్యేదాకా ఆ ఫైలును మా ఆఫీసు గెలుపుల్లో చూపించుకునేవాళ్లం. నేను కూడా చూపించుకున్నాను. మనసులో ఏ మూలో కాస్త కుదుటపడ్డాను.

రిటైరయిన మరుసటేడు హుజూరాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోదామని కరీంనగర్ బస్టాండులో అటూ ఇటూ తిరుగుతున్నాను. "సార్, గుర్తువట్టలే?" అని వెనకనుంచి పలకరింపు. ఆమే. పక్కన బడి డ్రెస్సులో పాప. పాప నాకు నమస్తే పెట్టింది.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగనే ఉన్న సార్. ఆయన మల్ల పోయిండు. రెండేండ్లకోపారి వస్తుండు. అత్త గూడ ఇప్పుడేమంటలేదు. బాపు మాట్లాడుతుండు."

"ఫోన్ చేస్తడా?"

"దినాం చేస్తడు."

నాకు సంతోషమైంది. పాత తప్పు మానిందనుకునే మనిషి ఒక మాట ఎక్కువ మాట్లాడతాడు కదా, నేనూ మాట్లాడాను. "మరి జల్ది వచ్చెయ్యమని గట్టిగ చెప్పు, నీ తీరుగ" అన్నాను నవ్వుతూ.

ఆమె కూడా నవ్వింది. ఇంకా రాని బస్సు కోసం రోడ్డు వైపు చూసింది.

"పాపకు జెరమొచ్చిందని చెప్త సార్. వరి కోతకొచ్చిందని చెప్త. ఎప్పుడొస్తవని అడుగుత. నువ్వు కావాలె అని మాత్రం గా దినం సంది ఒక్కపారి గూడ అనలే. ఆయన గూడ అడగడు. ఒక్కోపారి నోటిదాక వస్తది సార్. అంతల్నే, ఎవలన్న రాసుకుంటరేమో అనిపిస్తది."